డబ్బా మారింది, నెట్ రాలేదు

ఎండాకాలం చివర గాలివానలు మొదలయ్యాయంటే మన వీధుల్లో రౌటర్లు పోవడం కూడా మొదలవుతుంది. రాత్రి గట్టిగా ఉరిమిందా, తెల్లారేసరికి నాలుగైదు ఇళ్లలో దీపాలు ఆరిపోయిన డబ్బాలు కనిపిస్తాయి. "ఫైబరంటే గాజు కదా తాతయ్యా, గాజులో కరెంటు పారదు కదా, మరి పిడుగు దెబ్బ ఎలా తగిలింది?" అని మా మనవరాలు అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దెబ్బ సాధారణంగా గాజు పోగులోంచి రాదమ్మా, గోడ ప్లగ్గులోంచి వస్తుంది. ఎక్కడో దూరాన పిడుగు పడ్డా కరెంటు తీగల్లో ఒక్క క్షణం వోల్టేజి ఉబికి వస్తుంది. అది అడాప్టరును దాటుకుని వచ్చిందంటే పన్నెండు వోల్టులకు అలవాటుపడ్డ డబ్బా తట్టుకోలేదు. రాగి తీగల నెట్ కేబులు మేడమీంచి దిగిన ఇళ్లలో ఆ తీగ వెంటా వస్తుంది. అందుకే ఉరుము వినపడితే స్విచ్చి కట్టేస్తే చాలదు. స్విచ్చి తెంపేది ఒక్క తీగనే, రెండోది అలాగే తగులుకుని ఉంటుంది. అడాప్టరును ప్లగ్గులోంచి పీకి పక్కన పెట్టాలి.

సరే, పాతది పోయింది, కొత్తది తెచ్చారు. తీగలన్నీ పాతదానికి ఎలా ఉన్నాయో అలాగే తగిలించారు. దీపాలు వెలిగాయి. ఫోనులో వైఫై పేరు కూడా కనిపిస్తోంది. నెట్ మాత్రం లేదు. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఎవరో ఒకరు పిన్నీసు తెచ్చి వెనకవైపు రీసెట్ బొక్కలో గుచ్చుతారు. అది మాత్రం చేయకండర్రా. డబ్బా ఇచ్చేముందు ఆపరేటరు మనుషులు అందులో ఏవైనా వివరాలు నింపి ఉంటే అవన్నీ ఆ గుచ్చుడుతో చెరిగిపోతాయి. ఒక్క చిక్కు ఉన్నచోట రెండవుతాయి.

నెట్ కలవడమంటే ఒక్క పని అనుకుంటాం. కాదు. అది వరసగా జరగాల్సిన పరిచయాలు. ముందు వెలుగు అందాలి. అవతలి ఆపరేటరు ఆఫీసు ఈ డబ్బాను గుర్తుపట్టాలి. మీ యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఒప్పుకోవాలి. అడ్రసు కేటాయించాలి. ఇవన్నీ అయ్యాకే మీ ఫోన్ల వంతు. పాత డబ్బాకు ఈ పరిచయాలన్నీ ఏనాడో అయిపోయాయి కనుక అవి ఉన్నాయన్న సంగతే మనకు తెలియలేదు. కొత్తదాన్ని ఎవరూ ఎరగరు. వరసలో ఎక్కడ ఆగిందో డబ్బా మీది దీపాలే చెబుతాయి. వాటిని ఒక్కొక్కటీ చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

దీపాలకంటే ముందు అడాప్టరు సంగతి చెప్పాలి. పాత అడాప్టరు బాగానే ఉంది కదా అని కొత్త డబ్బాకు అదే తగిలిస్తారు. పిన్ను పడుతుంది, దీపాలు వెలుగుతాయి, ఇక దాన్నెవరూ అనుమానించరు. అడాప్టరు మీద సన్నటి అక్షరాల్లో అవుట్‌పుట్ 12 వోల్టులు 1 ఆంపియరు అనో, 9 వోల్టులు 0.6 ఆంపియరు అనో రాసి ఉంటుంది. వోల్టులు డబ్బా మీద రాసినన్నే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, డబ్బా తనకు కావలసినంతే లాక్కుంటుంది. తక్కువైతేనే ఇబ్బంది. దీపాలు వెలగడానికి కొంచెం కరెంటు చాలు. లేజరూ వైఫై రేడియోలూ ఒక్కసారి పనిలోకి దిగేసరికి అది చాలదు, వోల్టేజి కుంగిపోతుంది, డబ్బా ఆరి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. కాసేపటికోసారి దీపాలన్నీ కలిసి ఆరి వెలుగుతున్నాయంటే ముందు అడాప్టరు మార్చి చూడండి.

ఇప్పుడు ఎల్ఓఎస్ అనే దీపం. అది ఎర్రగా వెలిగినా మినుకుమన్నా డబ్బాకు వెలుగు అందడం లేదని అర్థం. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ సన్నటి ఫైబరు తీగ లోపల జరిగేది నాకెప్పటికీ పాతబడని వింత.

పైతొడుగంతా తీసేస్తే మిగిలే గాజు పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచేది ఆ పోగు నడిమి భాగంలోనే, దాని మందం 9 మైక్రాన్లు. మన తలవెంట్రుక అంతకంటే ఎన్నో రెట్లు లావు. ఆ నడిమి గాజుకూ చుట్టూ ఉన్న గాజుకూ వక్రీభవన గుణంలో చిన్న తేడా పెట్టారు. ఆ తేడావల్ల వెలుగు పక్కకు పోకుండా లోపలే ఉండిపోయి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో ఇంగ్లండులో శాస్త్రవేత్త హాప్‌కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్టగుండా ఒక బొమ్మను పంపి చూపించాడు. కానీ అప్పటి గాజులో వెలుగు ఎంతో దూరం పోయేది కాదు. గాజు స్వభావమే అంత అనుకున్నారు. 1966లో చార్లెస్ కావ్ అనే ఇంజనీరు, తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది అన్నాడు. కిలోమీటరు పోయాక నూరో వంతు వెలుగు మిగిలినా చాలు, టెలిఫోను మాటలు పంపొచ్చని లెక్కకట్టాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్లు అంత శుభ్రమైన గాజు తీశారు. ఇవాళ మీ ఇంటికి వచ్చే పోగులో కిలోమీటరు పోయాక నూటికి తొంభై పాళ్లకు పైనే మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ ఇచ్చారు.

అంత చక్కని పోగును మనం డబ్బా మార్చేటప్పుడు ఏం చేస్తాం? కొసను వేలితో ముట్టుకుంటాం, చొక్కా అంచుతో తుడుస్తాం. తొమ్మిది మైక్రాన్ల దారికి అడ్డం పడాలంటే కంటికి కనపడని దుమ్ముకణం చాలు, వేలి జిడ్డు చాలు. కొసను ముట్టకుండా తీసి ముట్టకుండా పెట్టాలి, మధ్యలో దాని ప్లాస్టిక్ టోపీ పెట్టి ఉంచాలి. తుడవాల్సి వస్తే పోగులు రాలని మెత్తటి గుడ్డను శుద్ధమైన ఆల్కహాలుతో తడిపి ఒకేవైపుకు తుడవాలి. ఇంకొకటి: కొస ఆకుపచ్చగా ఉంటే లోపలి గాజును ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కారని, నీలంగా ఉంటే వాలు లేకుండా చెక్కారని గుర్తు. పచ్చదాన్ని నీలం రంధ్రంలో నొక్కితే దూరుతుంది, కానీ రెండు గాజులూ ఒకదానికొకటి ఆనవు, మధ్యలో గాలి మిగులుతుంది, వెలుగు చెదిరిపోతుంది. కొత్త డబ్బా రంధ్రం రంగు పాతదానితో సరిపోయిందా లేదా చూసుకోండి. మిగిలిన తీగను బిగించి చిన్న చుట్ట చుట్టి మేకుకు తగిలించడం కూడా వద్దు. మలుపు మరీ బిగిసిందంటే వెలుగు ఆ వంపులో బయటికి కారిపోతుంది. చుట్ట అరచేయంత వెడల్పుండనివ్వండి.

ఆ కొసలోకి కన్ను పెట్టి చూడకండి. వచ్చే వెలుగు 1490 నానోమీటర్లది, వెళ్లేది 1310ది. మన కంటికి కనిపించేది సుమారు 700 దాకానే. కనపడటం లేదు కనుక రావడం లేదనుకుంటే పొరపాటు. వస్తున్నదీ లేనిదీ డబ్బానే అడగాలి. ఫోనునో కంప్యూటరునో డబ్బాకు కలిపి 192.168.1.1 అని కొట్టి, డబ్బా అడుగున అట్టమీదున్న పాస్‌వర్డు ఇస్తే లోపలి పేజీ తెరుచుకుంటుంది. అక్కడ ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. అది మైనస్ 20 దగ్గర ఉంటే బాగున్నట్టు. అంటే డబ్బాకు అందుతున్నది మిల్లీవాటులో నూరో వంతు. ఆ కాస్తా చాలు దానికి. మైనస్ 27 దాటి కిందికి పోయిందంటే మాత్రం వినపడని దశకు వచ్చిందన్నమాట. అప్పుడు కొసో, వంపో, స్తంభం మీది అతుకో చూడాలి.

ఎల్ఓఎస్ ఆరింది, పక్కనున్న పాన్ దీపం మాత్రం ఎంతసేపైనా మినుకుమంటూనే ఉంది. ఇదే మార్చిన డబ్బాకు సిసలైన జబ్బు. వెలుగు అందుతోంది, ఆఫీసు ఒప్పుకోవడం లేదు.

ఎందుకో చెబుతా. ఆఫీసునుంచి వచ్చే ఒక్క పోగును దారిలో చిన్న పెట్టెలో చీల్చి ముప్పైరెండు ఇళ్లకో అరవైనాలుగు ఇళ్లకో పంచుతారు. ఆ పెట్టెకు కరెంటు అక్కర్లేదు, ఉత్త గాజే. ఆఫీసు పంపేది అందరి ఇళ్లకూ చేరుతుంది. తాళం వేసి పంపుతుంది కనుక ఎవరిది వాళ్లే తెరుచుకోగలరు. ఇళ్లనుంచి తిరిగి వెళ్లేటప్పుడు ఇలా కుదరదు. ఇద్దరు ఒకేసారి వెలుగు పంపితే రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. వీధి కుళాయి దగ్గర బిందెల వరస ఎరుగుదురుగా? ఎవరి వంతుకు వాళ్లే బిందె పెట్టాలి. అక్కడైతే మనిషి కుళాయి దగ్గరే నిలబడి ఉంటాడు. ఇక్కడ ఒక ఇల్లు అర కిలోమీటరులో ఉంటుంది, ఇంకొకటి పదిహేనులో. గాజులో వెలుగుకు కిలోమీటరుకు సెకనులో పది లక్షల వంతులు ఐదు పడుతుంది. అందుకని దూరపు ఇంటివాళ్లు తమ వంతుకు ముందే బిందె ఎత్తుకుని బయల్దేరాలి, దగ్గరివాళ్లు ఆగి బయల్దేరాలి. ప్రతి డబ్బాకూ కబురు పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి, నువ్వింత ఆగి మాట్లాడు అని ఆఫీసు మిషనే చెబుతుంది. ఇంటింటి దూరాన్ని మీటర్ల లెక్కన ఎరిగిన మిషను అది.

అంత కట్టుదిట్టమైన వరసలోకి ముక్కూ మొహం తెలియని డబ్బాను రానివ్వదు. అప్పుడప్పుడూ "కొత్తవాళ్లెవరైనా ఉన్నారా?" అని పిలుపు వేస్తుంది. మీ డబ్బా తన సీరియల్ నంబరు చెబుతుంది. పన్నెండు అక్షరాలు, మొదటి నాలుగూ తయారీదారు గుర్తు. ఆ నంబరు ఆఫీసు జాబితాలో ఉంటే వంతు ఇస్తుంది, పాన్ దీపం నిలకడగా వెలుగుతుంది. లేకపోతే ఆ మినుకు అలాగే సాగుతుంది. ఇంట్లో కూర్చుని మనం ఏం నొక్కినా లాభం లేదు. పాత సీరియల్ నంబరు తీసేసి కొత్తది ఎక్కించమని ఆపరేటరుకు చెప్పాలి. డబ్బా అడుగున ఉన్న అట్టను ఫోటో తీసి పంపితే నంబరు తప్పుపోదు. అందుకే చెబుతున్నా, పాత డబ్బాను పాతసామాన్ల బండికి వేసేముందు దాని అట్టనూ ఒక ఫోటో తీసి ఉంచండి. అది ఇంకా లేచే స్థితిలో ఉంటే లోపలి పేజీల ఫోటోలూ తీయండి. తర్వాత వాటితో చాలా పని పడుతుంది.

పాన్ నిలకడగా వెలిగి, ఇంటర్నెట్ దీపం ఎర్రగా ఉంటే మూడో పరిచయం ఆగిందన్నమాట. మన దగ్గర చాలామంది ఆపరేటర్లు పీపీపీఓఈ అనే పద్ధతి వాడతారు. టెలిఫోను తీగమీద డయల్ చేసి నెట్ తెచ్చుకున్న రోజుల్లోని లాగిన్ పద్ధతినే 1999లో డయల్ అక్కర్లేని తీగలకు అనువుగా మలిచారు. డబ్బా ముందు "ఎవరైనా ఉన్నారా?" అని అందరికీ వినపడేలా పిలుస్తుంది. అవతలి మిషను "నేనున్నాను" అంటుంది. సరే నీతోనే మాట్లాడతానని ఇది అంటుంది, అది ఈ సంభాషణకు ఒక నంబరు ఇస్తుంది. ఆ తర్వాతే యూజర్‌నేమూ పాస్‌వర్డూ.

ఇక్కడే జాగ్రత్తగా గమనించాలి. పిలుపుకు జవాబే రాకపోవడం ఒకటి, జవాబు వచ్చి పాస్‌వర్డు చెల్లదనడం ఇంకొకటి. చాలా డబ్బాల లోపలి పేజీలో ఈ రెండూ వేరువేరుగా రాసి ఉంటాయి. చూసినవాళ్లు మాత్రం రెంటినీ కలిపి "కనెక్ట్ అవట్లేదు" అనేస్తారు.

జవాబే రాకపోతే ముందు వీల్యాన్ నంబరు చూడాలి. ఒకే పోగులో నెట్టూ, టీవీ, ఫోనూ వేరువేరుగా నడపడానికి ప్రతి సమాచారపు మూటమీదా 1నుంచి 4094 లోపు ఒక అంకె వేస్తారు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో ఆ మూడూ ఒకే డబ్బాలోంచి రావడం మీరు చూసే ఉంటారు. ఆపరేటరు నెట్‌కు కేటాయించిన అంకె ఒకటైతే, కొత్త డబ్బాలో ఇంకొకటి ఉంటే, మన పిలుపు ఎవరూ లేని గదిలోకి పోతుంది. పాస్‌వర్డు ఎన్నిసార్లు తిరిగి కొట్టినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే పాస్‌వర్డు అడిగేదాకా పోనేలేదు.

జవాబు వచ్చి కాదంటే అక్షరాలు చూసుకోండి. ఫోనులో చెప్పించుకున్న పాస్‌వర్డులో సున్నాకూ ఓకూ, ఒకటికీ ఎల్‌కూ తేడా పోతుంది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయంటే మ్యాక్ అడ్రసు సంగతి చూడాలి. ప్రతి పరికరానికీ తయారీలోనే పన్నెండు అంకెల గుర్తు వేస్తారు. కొందరు ఆపరేటర్లు మీ లాగిన్‌ను పాత డబ్బా గుర్తుకు ముడివేసి ఉంచుతారు. ఆ ముడి విప్పమని అడగాలి. చాలా డబ్బాల్లో పాత మ్యాక్ అంకెలను కొత్తదానికి ఎక్కించే వీలుంటుంది. పాత అట్ట ఫోటో అక్కడ అక్కరకొస్తుంది.

ఇంకో కారణం ఉంది, దాని సంగతి చాలామందికి తట్టదు. పాత డబ్బా పిడుగుకు చటుక్కున పోయింది. పోతూ సెలవు చెప్పి పోలేదు. అవతలి మిషను లెక్కలో అది ఇంకా నెట్ వాడుతున్నట్టే ఉంటుంది. ఒక లాగిన్‌కు ఒక్కరే అన్న నియమం ఉంటే, ఆ లెక్క కొట్టివేసేదాకా కొత్తదాన్ని రానివ్వదు. రౌటరు కట్టేసి కాసేపాగి వేయండి అని కేబులతను ఊరికే అనడు. ఆ వ్యవధిలో పాత లెక్క తీరిపోతుంది. అయిదు నిమిషాల్లో పాతికసార్లు స్విచ్చి వేసి తీస్తే మాత్రం కొందరు ఆపరేటర్ల మిషన్లు ఆ లాగిన్‌ను కాసేపు పక్కన పెట్టేస్తాయి. ఓపికగా ఉండండి.

ఫైబరు డబ్బా బాగానే ఉండి, దాని వెనకున్న వైఫై రౌటరు ఒక్కటే మార్చారనుకోండి, అప్పుడు చూసుకోవాల్సింది ఎక్కువ లేదు. తీగ వ్యాన్ అని రాసిన రంధ్రంలోనే పెట్టాలి. తరచూ అది వేరే రంగులో ఉంటుంది. పక్కనున్న ల్యాన్ రంధ్రంలో పెడితే ఒకే ఇంట్లో రెండు డబ్బాలు అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. వ్యాన్‌లో పెట్టినా ఇంకో తగువు ఉంది. రెండూ 192.168.1.1 అనే అంకెనే తమదిగా పెట్టుకుని ఉండొచ్చు. ప్రపంచంలో ఈ తరహా అంకెల అడ్రసులు 430 కోట్లే ఉండటంతో, 192.168 తో మొదలయ్యేవాటిని ఎవరింట్లోవాళ్లు వాడుకోవచ్చని 1990ల్లోనే విడిచిపెట్టారు. అందుకే చాలా కంపెనీల డబ్బాలు అదే అంకెతో పుడతాయి. కొత్తదాన్ని 192.168.2.1 అని మార్చండి, తగువు తీరుతుంది.

ఫోనులో "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వస్తే వైఫై పాస్‌వర్డుతో కుస్తీ పట్టకండి. ఫోనుకూ డబ్బాకూ మధ్య సంగతి బాగానే ఉంది, డబ్బా అవతలే ఆగింది. కంప్యూటరు అడ్రసు 169.254 తో మొదలైతే దానికి అడ్రసు ఇచ్చినవాళ్లే లేరు, తనకు తానే పెట్టుకుంది. అప్పుడు తప్పు ఇంట్లోనే ఉంది.

కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుని, ఇంకొన్ని సగంలో ఆగిపోతుంటే ఎమ్‌టీయూ అనే అంకె చూడండి. మామూలుగా ఒక మూటలో 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ తన గుర్తులకు 8 తీసుకుంటుంది, కనుక 1492 ఉండాలి. పెద్ద మూటలు దారిలో పడిపోతుంటే చిన్నవి మాత్రం చేరుతుంటాయి. ఈ ఒక్క అంకె దిద్దితే కుదురుకున్న నెట్లు ఎన్నో.

చివరిగా వైఫై. కొత్త డబ్బాకు పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం తేడా లేకుండా పెడితే టీవీ, కెమెరా, ఫోన్లూ వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఏదైనా పాత పరికరం రాకపోతే అది 5 గిగాహెర్ట్జ్ ఎరగనిదై ఉంటుంది, 2.4లో కలపండి. లేదా డబ్బాలో తాళం పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా పెట్టండి. లోపలి పేజీ పాస్‌వర్డు మాత్రం అట్టమీదున్నది ఉంచకుండా మార్చుకోండి.

ఇంత చెప్పాక కూడా ఆపరేటరుకు ఫోను చేయక తప్పని సందర్భాలు చాలానే ఉంటాయి. అయితే ఎలా చేస్తామన్నది ముఖ్యం. "నెట్ రావట్లేదు బాబూ" అంటే కేబులతనికి ఏమీ తెలియదు. నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి మొదటినుంచి చూడాలి. మన ఊళ్లలో ఫైబరు చాలాచోట్ల కరెంటు స్తంభాలమీదే నడుస్తుంది. వానలో తడిసిన స్తంభం, పక్కనే పదకొండు వేల వోల్టుల తీగ, పైన పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. అతన్ని అనవసరంగా ఎక్కించకూడదర్రా. "ఎల్ఓఎస్ ఆరి ఉంది, పాన్ మినుకుతోంది, ఆప్టికల్ పవర్ మైనస్ 21, కొత్త సీరియల్ నంబరు ఫోటో పంపాను" అని చెప్పి చూడండి. అతను నేలమీదే ఉండి ఆఫీసుకు ఫోను చేసి నంబరు ఎక్కించేస్తాడు. ఎల్ఓఎస్ ఎర్రగానే ఉంది, కొస శుభ్రం చేసినా ఆరలేదు అని చెబితే, తొలకరి జల్లు తగ్గాకే స్తంభం ఎక్కేలా అతనే చూసుకుంటాడు.